నీలం పంచె

నా చిన్నప్పుడు ఎండ మీద నాకు పట్టరాని కోపం ఉండేది. వేసవి ఎండ గురించి కాదు నేనంటున్నది. భోపాలపట్నంలో పుట్టి పెరిగినవాళ్ళకి అది ఎలాగూ అలవాటే. నా కోపమంతా మా ఇంటి ముందు గోడ మీద పొద్దున పూట పడే ఎండ మీద. పదమూడో ఏట, ఒక వేసవి సెలవుల్లో, ఆ ఎండనీ ఆ గోడనీ గోడ పక్కన కూర్చున్న మా తాతయ్యనీ నూనె రంగుల్లో గీయాలని పూనుకున్నాను. బొమ్మలు గీయడం ఎంత సరదా పనో అని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ వేసవిలో నేను నవ్వింది తక్కువ, అలిగింది ఎక్కువ.

మాది వ్యాపారస్తుల కుటుంబం. మా తాతయ్య తండ్రి కాలంలో గోదావరి అవతలి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాం. నా చిన్నప్పటికి మా ఊరు ఇంకా మధ్యప్రదేశ్‌లో ఉండేది. ఒక పక్క కొట్టు, ఇంకో పక్క ఇల్లు. చుట్టుపక్కల పల్లెల వాళ్ళు తెచ్చే ఇప్పపువ్వు, చింతపండు, కరక్కాయలు కొనేవాళ్ళం, ఉప్పు, బట్ట, కిరసనాయిలు అమ్మేవాళ్ళం. ఇంట్లో తెలుగు, బళ్ళో హిందీ, కొట్లో వచ్చిన మనిషిని బట్టి దోర్లీయో గోండీయో. ఏ భాషలో మొదలైన మాటైనా మా ఇంట్లో మా తాతయ్య దగ్గరికి వచ్చేసరికి ఆగేది. ఆయన ఔనంటే ఔను, కాదంటే కాదు. మా నాన్నకి నలభై ఏళ్ళు దాటినా ఆ పద్ధతి మారలేదు.

మా పక్కింట్లో ఫారెస్టు రేంజరు గారి కుటుంబం ఉండేది. ఆయన భార్యని ఊరంతా రేంజరమ్మ అని పిలిచేది, నేను మాత్రం అక్కా అనేదాన్ని. కోస్తా వైపు నుంచి వచ్చిన మనిషి. పెళ్ళికి ముందు ఒక చిత్రకారుడి దగ్గర కొన్నేళ్ళు రంగులు నేర్చుకుందట. కాపురానికి వస్తూ సామాన్లతో పాటు ఒక చెక్క పెట్టె తెచ్చుకుంది. అందులో ట్యూబుల్లో రంగులు, ఒక సీసాలో అవిసె నూనె, ఇంకో సీసాలో టర్పెంటైన్. ఆ పెట్టె మూత తీస్తే వచ్చే వాసన నాకు మా కొట్లో ఉన్న వాసనలన్నిటి కంటే నచ్చింది. బడి నుంచి రాగానే పుస్తకాల సంచీ విసిరేసి వాళ్ళింటికి పరిగెత్తేదాన్ని. అక్క మొదట నాచేత బ్రష్షులు కడిగించింది. తర్వాత కుండ గీయించింది, దాని పక్కన నిమ్మకాయ గీయించింది. కుండా నిమ్మకాయా బాగానే వచ్చాయి. అక్కడే నాకు పొగరెక్కింది.

నా ఎనిమిదో తరగతి పరీక్షలు అయ్యేసరికి రేంజరు గారికి జగదల్‌పూర్ బదిలీ అయింది. మావాళ్ళలో ఎనిమిది తర్వాత ఆడపిల్లని బడికి పంపడం అప్పటికి లేదు. కొట్లో పొట్లాలు కట్టడం, అమ్మకి సాయం చేయడం, ఆ తర్వాత ఒక సంబంధం, అంతే నా ముందున్న దారి. అక్క మా ఇంటికొచ్చి, పిల్లని నాతో పంపండి, అక్కడ బళ్ళో చేర్పిస్తాను, రంగులు కూడా నేర్పుతాను అని అడిగింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాన్న తాతయ్య వైపు చూశాడు. తాతయ్య విసనకర్ర ఊపుకుంటూ, "బొమ్మలు గీసుడు కోసం ఆడపిల్లను జగదల్‌పూర్ పంపుతరా ఎవరన్న" అన్నాడు. కాసేపటికి ఆయనే, "సరే, ముందు నన్ను గీయమను. మనింటి ముందట కూసుంట. చూసి చెప్త" అన్నాడు.

వానలు పడి వాగులు పొంగితే మా ఊరి నుంచి జగదల్‌పూర్ బస్సు ఆగిపోయేది. అంటే వానల లోపు బొమ్మ పూర్తి కావాలి. అది చూసి తాతయ్య ఔనంటేనే నేను బస్సెక్కాలి. లేకపోతే అక్క వెళ్ళిపోతుంది, నేను పొట్లాలు కట్టుకుంటూ ఉండిపోతాను. ఈ మాట నాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు గానీ ఇంట్లో అందరికీ తెలుసు, నాకు ఇంకా బాగా తెలుసు. కొట్టుకి టీ పొడి పలుచటి చెక్క పెట్టెల్లో వచ్చేది. అలాంటి పెట్టె మూత ఒకటి ఊడదీసి, దాని మీద జిగురూ సుద్దా కలిపి పూసి, ఆరబెట్టి నా చేతికిచ్చింది అక్క.

మా ఇంటి ముందు గోడ మట్టిగోడ. ఏటా దసరాకి ముందు దానికి సున్నం కొట్టించేవాళ్ళు. కొట్టు వైపు గూనపెంకుల చూరు బాగా ముందుకి దిగి ఉండేది, ఇంటి వైపు చూరు పొట్టి. అందుకని పొద్దు కాస్త ఎక్కేసరికి ఇంటి వైపు గోడ కళ్ళు చెదిరేట్టు వెలిగిపోయేది, కొట్టు వైపు నీడగా ఉండేది. ఆ నీడలో బల్ల మీద, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తెల్ల పంచెలో మా తాతయ్య కూర్చునేవాడు. ఆ పంచె గురించి చెప్పాలి. ఎర్రమట్టి ఊళ్ళో, ఇప్పపువ్వు బస్తాల మధ్య పొద్దస్తమానం తిరిగి కూడా పంచె మాయకుండా ఉంచుకోవడం ఆయన గొప్ప. ఎవరైనా మసి చేత్తో దగ్గరికొస్తే రెండు అడుగులు వెనక్కి వేసేవాడు. నాకు మాత్రం ఆ బొమ్మలో అన్నిటికంటే తేలికైన పని ఆ పంచే అనిపించింది. తెల్ల గోడ, తెల్ల పంచె. ట్యూబులో తెలుపు ఉంది. పూస్తే సరిపోతుంది.

సరిపోలేదు. గోడ మీద తెలుపు పూశాను. ఎండ రాలేదు. ఇంకొంచెం పూశాను. అప్పుడూ రాలేదు. ఎండలో ఉన్న గోడ చూస్తే కళ్ళు మూసుకోవాలనిపిస్తుంది, నా గోడ చూస్తే ఎవరో దాని మీద పెరుగన్నం మెత్తినట్టుంది. పంచె కూడా అంతే. తాతయ్య అయితే ఆ తెలుపు మధ్యలో అతికించిన కాగితం మనిషిలా ఉన్నాడు. ముక్కూ మీసాలూ కుదిరాయి, గుర్తుపట్టవచ్చు, కానీ ఆయన ఎండాకాలం పొద్దున మా వాకిట్లో కూర్చున్నట్టు లేదు. ఎక్కడా కూర్చున్నట్టు లేదు.

దీనికి తోడు అన్నీ అడ్డమే. ఆ ఎండ గంటసేపు కూడా ఒక చోట నిలిచేది కాదు. నేను చూరు నీడ గీత గీసుకునేలోపు అది జరిగిపోయేది. కొట్లోకి ఎవరొచ్చినా తాతయ్య లేచి లోపలికి పోయేవాడు, తిరిగొచ్చి ఇంకో రకంగా కూర్చునేవాడు. కదలకండి అని నేనంటే, "ఏందే, రాయిననుకున్నవా" అనేవాడు. ఈగలు తడి రంగు మీద వాలి అతుక్కుపోయేవి. అమ్మ నా పరికిణీ మీద మరకలు చూసి కిరసనాయిలుతో రుద్దలేక సణిగేది. నాన్న కొట్లోకి వెళ్తూ వస్తూ ఒకసారి ఆగి, సున్నం కొట్టేవాళ్ళని పిలిపిస్తే ఇంతకంటే తొందరగా అయిపోయేది కదా అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

వీళ్ళందరి కంటే ఎక్కువ కోపం అక్క మీద. రోజూ ఎండ దాటిపోయాక వచ్చి నా బొమ్మ చూసేది. మంచి చెప్పేది కాదు, చెడు చెప్పేది కాదు. ఒక పలుచటి కత్తి తీసుకుని, నేను పూసిన తెలుపంతా మెల్లగా గీకేసేది. గీకింది కాగితానికి తుడిచి, "రేపు చూద్దాంలే అమ్మా" అని వెళ్ళిపోయేది. తప్పేమిటో చెప్తే దిద్దుకుంటాను కదా అని నేను అడిగితే, నేను చెప్తే నీకు వినపడుతుంది, కనపడదు అనేది. అలాంటి మాటలు పదమూడేళ్ళ పిల్లకి ఎలా ఉంటాయో ఊహించుకోండి. పోయి బావిలో పడాలనిపించేది, లేదా ఆమెని తోయాలనిపించేది.

ఒక పొద్దున పెట్టె తెరిస్తే తెల్ల ట్యూబు లేదు. అన్ని రంగులూ ఉన్నాయి, అదొక్కటే లేదు. అక్కని అడిగితే, అది నా దగ్గరుంది, ఇవాళ్టి నుంచి అది లేకుండా గీయి అంది. తెల్ల గోడని, తెల్ల పంచెని, తెలుపు లేకుండా. ఉప్పు లేకుండా పప్పు వండమన్నా అర్థం ఉంది. ఆకాశంలో మబ్బులు అప్పుడప్పుడు కనిపిస్తున్నాయి, ఆమె సామాన్లు అప్పటికే సగం కట్టేసింది, నాకు మిగిలిన రోజులు కరిగిపోతున్నాయి. నాతో ఆడుకుంటోంది అనుకున్నాను. ఆమె ఇవ్వకపోతే నాకు తెలుపు దొరకదా అనుకున్నాను.

మా ఇంట్లో తెలుపుకి కరువా. నాయనమ్మ తమలపాకుల పెట్టెలోంచి సున్నం తీశాను. నూనె రంగు అంటే నూనెలో కలిపిన రంగే కదా. వంటింట్లో గిన్నెనిండా ఇప్పనూనె ఉంది. మా వైపు దీపానికి అదే, కూరకి అదే, పగిలిన మడమలకి అదే. సున్నంలో ఇప్పనూనె పోసి వేలితో మెదిపితే ఎంత చక్కగా వచ్చిందో చెప్పలేను. వెన్నలా ఉంది. పొద్దుటి చల్లదనానికి కొంచెం గట్టిగానే నిలిచింది. వేళ్ళు మండుతున్నా లెక్కచేయకుండా బొమ్మలో గోడంతా పూశాను, పంచె అంతా పూశాను. అక్క దాచిపెట్టిన తెలుపు కంటే నా తెలుపే తెల్లగా ఉందనిపించింది. ఆ బొమ్మని గోడకి ఆనించి, గర్వంగా అన్నానికి పోయాను.

ఇప్పనూనె చలికాలంలో నెయ్యిలా గడ్డ కడుతుంది, ఎండాకాలం నీళ్ళలా అవుతుంది, ఎన్నాళ్ళు ఉంచినా ఆరదు. ఇది మా ఇంట్లో చంటిపిల్లకి కూడా తెలుసు. నాకూ తెలుసు. తెలిసిన సంగతి అవసరమైన పూట గుర్తురాకపోవడం వేరే విషయం. నేను అన్నం తిని వచ్చేసరికి గోడ జారిపోయింది. జారి తాతయ్య నెత్తి మీద నుంచి మీసాల మీదికి దిగి, పంచెతో కలిసి, చెక్క అంచు నుంచి కింద బండ మీద బొట్లు బొట్లుగా పడుతోంది. తలుపుకి పూసిన నీలం రంగు సున్నం తగిలి గోధుమ రంగుకి తిరిగింది. చీమలు వరస కట్టాయి. అమ్మ వచ్చి చూసి మొదట నోరు మూసుకుంది, తర్వాత ఆపుకోలేక నవ్వేసింది. నేను చెక్కని వాకిట్లోకి విసిరేసి, గోడ వైపు తిరిగి కూర్చుని, ఇక గీయను, ఎక్కడికీ పోను, పొట్లాలే కడతాను అని ఏడ్చాను. ఆ మాట నిజంగానే అన్నాను. ఆ పూట నాకు అంత విసుగొచ్చింది.

సాయంత్రానికి అక్కకి తెలిసింది. తిట్టలేదు. చెక్కని టర్పెంటైన్‌తో శుభ్రంగా కడిగి, దాని మీద మళ్ళీ సుద్ద పూసి నీడలో పెట్టింది. మర్నాడు పొద్దున ఎండ వచ్చే వేళకి వచ్చి నన్ను చెయ్యి పట్టుకుని వాకిట్లోకి లాక్కుపోయింది. విస్తర్లు కుట్టడానికి తెచ్చిన మోదుగాకుల్లోంచి ఒకటి తీసి, జడపిన్నుతో మధ్యలో చిన్న చిల్లు పొడిచింది. "ఇందులోంచి చూడు. అది గోడ అనుకోకు, తాతయ్య అనుకోకు. చిల్లులో ఏ రంగు కనపడితే ఆ రంగు పేరు చెప్పు" అంది. నేను విసుగ్గా ఆకుని కంటి ముందు పెట్టుకుని, తాతయ్య పంచె వైపు చూసి, తెలుపు అన్నాను. మళ్ళీ చూడమంది. మళ్ళీ తెలుపే అన్నాను. తాతయ్య పక్కన ఎండలో ఆయన నల్ల గొడుగు వాల్చి ఉంది. దాన్ని చూసి, వెంటనే పంచెని చూడమంది.

చూశాను. ఎండలో ఉన్న నల్ల గొడుగు బూడిద రంగులో లేతగా మెరుస్తోంది. నీడలో ఉన్న తెల్ల పంచె దానికంటే చీకటిగా ఉంది. ఆకు తీసేసి చూస్తే గొడుగు నలుపే, పంచె తెలుపే. ఆకు పెట్టుకుంటే పంచె నీలం. మబ్బు పట్టిన సాయంత్రపు నీలం. మడతల్లో కాస్త వంగపండు రంగు కూడా ఉంది. కింది అంచు దగ్గర వాకిట్లోని ఎర్రమట్టి వెలుగు ఎగిరి పడి కాషాయంగా ఉంది. ఇక ఎండలో గోడ చూస్తే అది తెలుపు కాదు, పండిన నిమ్మకాయ తొక్క లోపలి వైపు పసుపు. నేను పుట్టినప్పటి నుంచి చూస్తున్న గోడ. పుట్టినప్పటి నుంచి చూస్తున్న పంచె. ఒక్క రోజు కూడా చూడలేదన్నమాట. నాకు సంతోషం కలగలేదు, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఇన్నాళ్ళూ ఇది చెప్పకుండా గీకుతూ కూర్చుందని అక్క మీద ఒళ్ళు మండిపోయింది.

ఆ తర్వాత అంతా సాఫీగా సాగిందని అనుకోకండి. కనిపించడం ఒక ఎత్తు, చెయ్యి దాన్ని పెట్టడం ఇంకో ఎత్తు. నీలం ఎక్కువైతే తాతయ్య నీటమునిగిన మనిషిలా అయ్యాడు. తక్కువైతే మళ్ళీ కాగితం మనిషి. నా బొమ్మని ఇప్పుడు నేనే గీకుతున్నాను, కత్తి నా చేతిలోకి వచ్చింది. అయినా ఒక పొద్దున, నీడనంతా ధైర్యంగా ముదురుగా పెట్టేసి, ఎండ గోడ మీద ఆ లేత పసుపుని నూనెలో పలుచగా రుద్దితే, కింద పూసిన సుద్ద తెలుపు రంగులోంచి పైకొచ్చింది. గోడ వెలిగింది. నేను కళ్ళు చికిలించాను, బొమ్మ చూసి. అక్క వెనక నిలబడి ఉంది. కత్తి కోసం చెయ్యి చాపలేదు. నాకు అది చాలు.

బొమ్మని కొట్లోకి తీసుకుపోయి తాతయ్య ముందు పెట్టాను. నాన్న, అమ్మ, నాయనమ్మ చుట్టూ చేరారు. తాతయ్య కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. ఆయన ముఖం మారిపోయింది.

"ఏందిది? నా పంచె నీలంగ ఎందుకున్నది?"

నీడ వల్ల అలా కనిపిస్తుంది తాతా అని చెప్పబోయాను. ఆయన వినలేదు. ఊరంతా తిరిగినా ఇంత తెల్ల పంచె కట్టే మనిషి లేడు, నా మనవరాలే నాకు నీలం బట్ట కట్టింది, చూసినోళ్ళు ఏమనుకుంటరు అని గట్టిగా కసిరాడు. వెనక నుంచి నాయనమ్మ, "వారం వారం నీలిమందు పోస్తనే ఉన్న, నీలంగ ఉండకేం చేస్తది" అంది. నాన్న నవ్వబోయి దగ్గాడు. తాతయ్య నవ్వలేదు. "పంచె తెల్లగ చెయ్యి. రేపు మళ్ళ చూస్త" అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ మాటలో దారి తెరిచే ఉంది, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పంచె తెల్లగా చేస్తే చాలు. ఆయన ఔనంటాడు, నేను జగదల్‌పూర్ పోతాను. అక్క అంతా విని, వాళ్ళింటికి పోయి, తెల్ల ట్యూబు తెచ్చి నా పక్కన పెట్టింది. మళ్ళీ వెళ్ళిపోయి సామాన్లు కట్టుకుంది. వాళ్ళ బస్సు ఎల్లుండి.

ఆ మధ్యాహ్నం మా వెనక వసారాలో బొమ్మ ముందు కూర్చున్నాను. నాకు అందరి మీదా కోపం వచ్చింది. చూడటం రాని తాతయ్య మీద, చూడటం నేర్పి చేతులు దులుపుకున్న అక్క మీద, తాతయ్యకి ఒక్క మాట ఎదురు చెప్పని నాన్న మీద. ఒక చిన్న పంచె కోసం బతుకు పాడుచేసుకుంటావా అని నన్ను నేనే తిట్టుకున్నాను. ట్యూబు మూత తీశాను. బ్రష్షుతో తెలుపు తీసి, బొమ్మలో తాతయ్య మోకాలి మీద పెట్టాను. పెట్టీ పెట్టగానే పక్కన గోడ మీద ఎండ ఆరిపోయింది. గోడని నేను ముట్టుకోలేదు. అయినా ఆ పసుపు మట్టి రంగులా చచ్చిపోయింది. మోకాలి దగ్గర అంత తెలుపు వచ్చాక ఎండకి వెలగడానికి ఏం మిగిలింది? గుడ్డతో తుడిచేశాను. గోడ మళ్ళీ వెలిగింది. మళ్ళీ పెట్టి చూశాను, మళ్ళీ ఆరిపోయింది, మళ్ళీ తుడిచాను. ఎన్నిసార్లో గుర్తులేదు. చివరికి ట్యూబుకి మూత బిగించి, మోకాళ్ళలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. నాకు జగదల్‌పూర్ కావాలి, ఆ ఎండా కావాలి. రెండూ దక్కవని అర్థమైపోయింది.

మర్నాడు పొద్దున తాతయ్య వసారాలోకి వచ్చాడు. బొమ్మ చూశాడు. మోకాలి దగ్గర తుడిచిన మరక కనిపిస్తూనే ఉంది.

"తెల్ల రంగు లేదా నీ దగ్గర?"

"ఉన్నది."

"మరెందుకు పెట్టలే?"

"పెడితే ఎండ పోతది, తాతా."

నా గొంతులో మర్యాద ఏమీ లేదు. ఏడ్చి ఏడ్చి ముక్కు మూసుకుపోయి ఉంది, ఏమైతే అయింది అన్నట్టు చెప్పాను. మా కొట్లో ఎప్పుడూ చీకటిగా ఉంటుంది. ఏ సరుకు వచ్చినా ఆయన లోపల చూసి ధర చెప్పేవాడు కాదు, గుప్పెడు తీసుకుని వాకిట్లోకి వచ్చి వెలుతురులో చూసేవాడు. ఆ పొద్దున కూడా బొమ్మని రెండు చేతులతో పట్టుకుని ముందు వాకిట్లోకి నడిచాడు. నేను వెనకాల వెళ్ళాను. ఎండ వచ్చి గోడ మీద పడి ఉంది. ఆయన బొమ్మని చేతుల దూరంలో పట్టుకుని గోడని చూశాడు, బొమ్మని చూశాడు. బల్ల దగ్గరికి పోయి చూరు నీడలో నిలబడి, వంగి తన పంచె చూసుకున్నాడు. ఎంతసేపు చూసుకున్నాడో. ఆ పెద్దమనిషి అలా వాకిట్లో తన మోకాళ్ళకేసి చూసుకుంటూ నిలబడితే రోడ్డున పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయనకి ఏం కనిపించిందో నాకు తెలియదు. ఎప్పుడూ చెప్పలేదు.

నాన్నని పిలిచాడు. "నాకైతే నచ్చలే" అన్నాడు. నేను బొమ్మ కోసం చెయ్యి చాపాను. "పిల్లను పంపండి" అన్నాడు.

నాన్నకి అర్థం కాలేదు. నచ్చలేదంటివి గదా నాయినా అన్నాడు. తాతయ్య బొమ్మని నా చేతిలో పెడుతూ, నాన్న వైపే చూస్తూ, "జగదల్‌పూర్ల నేనుండ. అక్కడ ఎవరో ఒకరు నాలెక్కనే కసురుతరు. కసరంగనే రంగు మార్చే పిల్లయితే పంపకపోదును" అన్నాడు. అని కొట్లోకి వెళ్ళిపోయాడు. అక్కడ ఎవరో చింతపండు తెచ్చి కూర్చున్నారు.

మర్నాడు నేను బస్సెక్కాను. దారిలో వాగుల్లో ఇంకా నీళ్ళు రాలేదు. బొమ్మని తాతయ్య కొట్లో తన గద్దె వెనక గోడకి తగిలించుకున్నాడు. సెలవులకి నేను ఎప్పుడు వచ్చినా, కొట్లోకి వచ్చిన ప్రతి మనిషికీ దాన్ని చూపించి, మా పిల్ల నాకు నీలం పంచె కట్టింది చూడండి అని ఫిర్యాదు చేసేవాడు. తెలుగులో, హిందీలో, దోర్లీలో, గోండీలో, అన్ని భాషల్లో అదే ఫిర్యాదు. ఆయన పోయేదాకా ఆ బొమ్మ అక్కడే ఉంది. నేను ఒకసారి ఇంకా బాగా గీసిస్తాను, అది తీసేద్దాం అంటే, అవసరం లేదు అన్నాడు.

నాకిప్పుడు అరవై దాటి చాలా కాలమైంది. జగదల్‌పూర్‌లోనే ఉంటాను, పిల్లలకి బొమ్మలు నేర్పుతాను. ఎండ నాకు ఇప్పటికీ పూర్తిగా లొంగలేదు, పది బొమ్మల్లో ఒకదాంట్లో వస్తుంది, తొమ్మిదిట్లో ఏడిపిస్తుంది. ఇల్లు గీయించుకునేవాళ్ళు గోడ ఇంకా తెల్లగా ఉండాలంటారు. పెళ్ళి బొమ్మలు గీయించుకునేవాళ్ళు కోడలి ముఖం కాస్త గోరాగా, తెల్లగా చేసివ్వండి మేడమ్ అంటారు. చేయను అంటే కొందరు బొమ్మ తీసుకోకుండానే వెళ్ళిపోయారు, కొందరు నాలుగు మాటలు అని వెళ్ళారు. అలాంటప్పుడు నాకు బాధ కలగదని చెప్పను. కానీ నన్ను మొట్టమొదట కసిరిన మనిషే నన్ను బస్సెక్కించాడు. ఆ సంగతి గుర్తున్నంత కాలం ఇంకెవరు కసిరినా నాకు కనిపించిన రంగు నేను మార్చను.